పుట్ అప్: ఒక ఆంగ్ల పదబంధ క్రియ

పుట్ అప్ అనేది ఆంగ్లంలో నిత్యం వినబడే పదబంధ క్రియల్లో ఒకటి. 'పుట్' అనే క్రియకు 'అప్' అనే చిన్న మాట తోడై ఏర్పడింది. గోడ కట్టడం, గొడుగు విప్పడం, నోటీసు అంటించడం, ధర పెంచడం, ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడం, వచ్చిన చుట్టానికి రాత్రికి పడక చూపించడం, పందెం ఒడ్డడం, పళ్లూ కూరగాయలూ నిల్వ పెట్టడం, కత్తిని ఒరలో దూర్చడం, ఇన్నిటికీ ఆంగ్లేయులు ఈ ఒక్క జంటనే వాడుతూ వచ్చారు. చివర 'విత్' తగిలిస్తే అర్థం పూర్తిగా మారిపోయి ఓర్చుకోవడం అవుతుంది. తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాల్లో దీనికి ఇంకో పని ఉంది. 'ఫైలు పుటప్ చెయ్యి' అంటే పై అధికారి ముందు పెట్టమని అర్థం. అక్కడ అది దాదాపు తెలుగు క్రియ అయిపోయింది.

అర్థాల జాబితా చూసి బెదిరిపోయే విద్యార్థులు ఎక్కువ. పోటీ పరీక్షల పుస్తకాలు ఆ భయాన్ని పెంచాయే తప్ప తగ్గించలేదు. వాటిలో ఒక్కో అర్థం ఒక్కో అంకె కింద ఉంటుంది, ఒకదానికీ మరొకదానికీ చుట్టరికం కనబడదు. నిజానికి ఈ క్రియ వెనుక ఉన్నవి రెండే రెండు చేతి కదలికలు. మొదటిది, వస్తువును పైకెత్తి నలుగురికీ కనబడేలా నిలపడం. రెండోది, బయట ఉన్నదాన్ని తీసి లోపల సర్దేయడం, కంటికి కనబడకుండా చేయడం. ఒకటి చూపించడం, ఒకటి దాచడం. ఒకే మాట ఇలా ఎదురెదురు పనులు చేయడమే దీనిలోని చిక్కు. దీన్ని కనిపెడితే మిగతాది చాలావరకు దానంతటదే విడిపోతుంది.

పుట్టుక

'పుట్' క్రియ ప్రాచీన ఆంగ్లం చివరి దశలో కనబడుతుంది. మొదట్లో దాని అర్థం పెట్టడం కాదు, నెట్టడం. ఆ పాత బలం ఇప్పటికీ ఆటల్లో మిగిలి ఉంది. షాట్‌పుట్‌లో ఇనుప గుండును విసరకూడదు, భుజం దగ్గర నుంచి తోయాలి. గోల్ఫ్‌లో బంతిని గుంట వైపు మెల్లగా నెట్టే 'పట్' కూడా ఈ మాటకే మారు రూపం. క్రమంగా నెట్టడం కాస్తా ఒక చోట ఉంచడంగా మెత్తబడింది. భూతకాలంలో రూపం మారని క్రియల్లో ఇదొకటి. నిన్న పెట్టినా రేపు పెట్టబోయినా 'పుట్' పుట్‌గానే ఉంటుంది.

ప్రాచీన ఆంగ్లంలో దిక్కును చెప్పే మాటలు తరచుగా క్రియకు ముందు అతుక్కుని ఉండేవి. సంస్కృతంలో ఒకే ధాతువుకు ఉపసర్గలు చేరి ఆహారం, విహారం, సంహారం అయినట్టే అక్కడా జరిగేది. తర్వాతి శతాబ్దాల్లో అవి ఊడి క్రియ వెనక్కి వచ్చాయి, విడి మాటలుగా నిలిచాయి. ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియా జనుల భాషలో ఈ పద్ధతి ముందే ఉండేది, దాని ప్రభావం కొంత ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. 1154 దాకా సాగిన పీటర్‌బరో క్రానికల్ చివరి భాగంలోనే 'గివ్ అప్' వంటి జంట కనబడుతుంది.

1066 నార్మన్ విజయం తర్వాత రాజసభకూ న్యాయస్థానానికీ ఫ్రెంచి మాటలు, వాటి వెనుకే లాటిన్ మాటలు వచ్చి చేరాయి. దాంతో ఆంగ్లంలో ఒకే పనికి రెండు వరుసల మాటలు ఏర్పడ్డాయి. ఇంట్లో, వీధిలో పుట్ అప్ అన్నది గ్రంథాల్లో సందర్భాన్ని బట్టి ఎరెక్ట్, ఎగ్జిబిట్, నామినేట్, అకామొడేట్, టాలరేట్ అయింది. పుస్తకం ద్వారా ఆంగ్లం నేర్చుకునే మనవాళ్లకు ఈ బరువైన మాటలే ముందు వస్తాయి. 'టాలరేట్' తెలిసిన విద్యార్థి 'పుట్ అప్ విత్' దగ్గర తడబడతాడు. ఇంగ్లండులో పుట్టిన పసివాడికి ఇది సరిగ్గా తలకిందులు.

ఈ జంటల సంగతి మొదట గట్టిగా పట్టించుకున్న నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన తన నిఘంటువుకు రాసిన పీఠికలో, క్రియకు చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని గుర్తించి, అలాంటివాటిని శ్రద్ధగా ఏరి చేర్చానని చెప్పుకున్నాడు. 'పుట్' కింద అతను ఇచ్చిన వరుస చూస్తే ఆ మాటలో అబద్ధం లేదని తెలుస్తుంది. 'ఫ్రేజల్ వర్బ్' అనే పేరు మాత్రం చాలా కాలానికి గాని అచ్చులోకి ఎక్కలేదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అనే పుస్తకంలో దాన్ని వాడాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని అతనే చెప్పాడు.

ఎత్తి నిలపడం

మొదటి కదలిక తెలుగువాడికి సులభంగా అందుతుంది. కారణం మన 'పెట్టు'. అమ్మకానికి పెట్టడం, వేలానికి పెట్టడం, డబ్బు పెట్టడం, అభ్యర్థిని నిలబెట్టడం, ఈ చోట్లన్నిటా ఆంగ్లంలో పుట్ అప్ సరిపోతుంది. కంపెనీ మొదలుపెడుతుంటే పెట్టుబడికి సొమ్ము తెచ్చేవాడు డబ్బు పుట్ అప్ చేస్తాడు. ఎన్నికల్లో పార్టీ అభ్యర్థిని పుట్ అప్ చేస్తుంది. గుడారం, కంచె, గోడ, బొమ్మల కొలువు మెట్లు, పండుగకు కట్టిన విద్యుద్దీపాల తోరణం, లేచి నిలబడేది ఏదైనా ఈ కోవలోకే వస్తుంది. క్రికెట్ వ్యాఖ్యాత ఒక జట్టు పెద్ద స్కోరు పుట్ అప్ చేసిందంటే అక్కడా ఉన్నది బోర్డు మీద అంకెలు నిలబెట్టడమే. లొంగకుండా పోరాడినవాడు మంచి ఫైట్ పుట్ అప్ చేశాడంటారు. ఇక్కడ ఎత్తింది వస్తువును కాదు, పంతాన్ని. వేటగాళ్ల వాడుకలో పొదలో నక్కిన పిట్టను అదిలించి పైకి లేపడం కూడా పుట్ అప్పే.

బెట్టింగుల దగ్గర పుట్టిన అర్థం ఒకటి అమెరికాలో సామెతలాగా స్థిరపడింది. 'పుట్ అప్ ఆర్ షట్ అప్' అంటే డబ్బు బల్ల మీద పెట్టు, లేకపోతే నోరు మూసుకో అని. మార్క్ ట్వేన్ 1889 నాటి 'ఎ కనెక్టికట్ యాంకీ' నవలలో ఇది వస్తుంది. ఇప్పుడు పందెంతో సంబంధం లేకుండా, గొప్పలు చెప్పేవాణ్ని చేసి చూపించమనడానికి వాడుతున్నారు.

ఈ వరుసలో తెలుగువాళ్లను పక్కాగా తప్పుదారి పట్టించేది దుకాణం షట్టర్. మనకు షట్టర్ ఎత్తితే దుకాణం తెరిచినట్టు, దించితే మూసినట్టు. ఆంగ్లంలో 'పుట్ అప్ ద షట్టర్స్' అంటే మూసేయడం, కొన్నిసార్లు వ్యాపారమే ఎత్తేయడం. చుట్టుకునే ఇనుప రేకు రాకముందు ఇంగ్లండు అంగళ్లకు విడివిడి చెక్క పలకలు ఉండేవి. పగలంతా వాటిని తీసి పక్కన పెట్టి, సాయంత్రం ఒక్కొక్కటిగా ఎత్తి కిటికీకి బిగించేవారు. మన పాత బజార్లలో కిరాణా కొట్లకు గాడిలో వరసగా దించే చెక్క పలకలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పలకలు పోయి రేకు వచ్చినా ఆంగ్లంలో మాట పలకల కాలం దగ్గరే ఆగిపోయింది.

లోపల పెట్టడం

రెండో కదలిక ఇప్పుడు తక్కువగా కనబడుతుంది గానీ ఒకప్పుడు ఇదే బలంగా ఉండేది. 16, 17 శతాబ్దాల ఆంగ్లంలో కత్తిని ఒరలో పెట్టమనడానికి పుట్ అప్ అనేవారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఏసు పేతురును కత్తి ఒరలో పెట్టమనే చోట ఉన్నది ఈ క్రియే. ఈ అర్థం తెలియని పాఠకుడు కత్తి పైకెత్తమన్నాడని అనుకునే ప్రమాదం ఉంది. మూట కట్టడం, జేబులో వేసుకోవడం, సంచిలో సర్దడం, అన్నీ ఇలాగే చెప్పేవారు.

అమెరికా పల్లె ఇళ్లలో ఈ అర్థం ఇంకా చావలేదు. వేసవిలో పండిన పీచ్ పళ్లనూ టమాటాలనూ ఉడికించి, గాజు సీసాల్లో నింపి, మూత బిగించి చలికాలానికి దాచుకోవడాన్ని అక్కడి ఆడవాళ్లు 'పుటింగ్ అప్' అంటారు. 1858లో జాన్ మేసన్ మర మూత ఉన్న సీసాకు పేటెంటు తీసుకున్నాక ఇది ఇంటింటి పని అయింది. తెలుగిళ్లలో ఆవకాయ పెట్టడమూ ఈ పనికి వరసే, మాట కూడా పొల్లు పోకుండా సరిపోయింది. రెండు భాషలూ ఒకదాని నుంచి ఒకటి తీసుకున్నది మాత్రం ఏమీ లేదు.

బస అనే అర్థం కూడా ఈ వైపుదే. ప్రయాణికుడు సత్రం ముందు దిగితే గుర్రాన్ని లాయంలో పెట్టడం పుట్ అప్. గుర్రానికి జరిగిన మర్యాద మనిషికీ జరిగింది. ఇప్పుడు 'ఐ కెన్ పుట్ యూ అప్ ఫర్ ద నైట్' అంటే ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోవచ్చు అని. ఇక్కడ ఒక మెలకువ. దీనికి దగ్గరగా వినబడే 'పుట్ యూ అవుట్' అంటే ఇబ్బంది పెట్టడం. అతిథి రెండోది అనబోయి మొదటిది అన్నాడంటే ఆతిథ్యం తానే ఇస్తున్నట్టవుతుంది.

పుట్ అప్ విత్

ఓర్చుకోవడం అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈ క్రియ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. ముందు 'విత్' లేదు. అవమానాన్ని, అన్యాయాన్ని నేరుగా పుట్ అప్ చేసేవారు, అంటే తీసి లోపల వేసుకునేవారు. కత్తి ఒరలోకి పోతే పగ తీరనట్టే, అవమానం జేబులోకి పోయినా అంతే. షేక్స్‌పియర్ 'ఒథెల్లో' నాలుగో అంకంలో రోడరిగో తాను పడ్డదాన్ని ఇక సహించి ఊరుకోనని ఇయాగోతో చెప్పేటప్పుడు వాడింది ఈ పాత రూపమే. జాన్సన్ నిఘంటువు కూడా దీనికి ప్రతీకారం లేకుండా వదిలేయడం అన్న అర్థం ఇస్తుంది. తెలుగులో కోపాన్ని దిగమింగుతాం, ఆంగ్లేయుడు జేబులో వేసుకున్నాడు. రెండు చోట్లా అది లోపలికే పోయింది.

18వ శతాబ్దంలో 'విత్' వచ్చి చేరింది. ఇప్పుడు అది లేకుండా ఈ అర్థం లేదు. వాడుకలో దీనికి ఒక తీరు ఉంది. సంతోషంగా ఒప్పుకున్నదానికి ఇది పనికిరాదు. విసుగు ఉండాలి, తప్పించుకునే దారి లేకపోవాలి. పక్కింటి డ్రిల్లింగు మోతను, ఆలస్యమయ్యే బస్సును, నోటి దురుసు మేనేజరును, అల్లుడి అలకను పుట్ అప్ విత్ చేస్తాం. కాన్సర్ నొప్పినో కరువునో చెప్పేటప్పుడు ఈ మాట తేలికగా వినబడుతుంది, అక్కడ 'ఎండ్యూర్' వంటిది కావాలి. 'కాంట్', 'వోంట్', 'హ్యావ్ టు' వంటి మాటలతో ఇది ఎక్కువగా జతకడుతుంది. ఓర్చుకుంటున్నాను అని చెప్పడం కన్నా ఇక ఓర్చుకోను అని చెప్పడానికే దీన్ని బయటికి తీస్తారు.

దీని చుట్టూ ఒక కథ తిరుగుతుంది. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని పట్టుబట్టిన ఒకరికి బ్రిటిష్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ ఈ క్రియను ముక్కలు చేసి తలకిందులుగా పేర్చి, ఇలాంటి పిచ్చి నియమాన్ని తాను సహించనని జవాబిచ్చాడట. కథ బాగుంది, రుజువు లేదు. 1942 నాటి పత్రికల్లో ఈ చమత్కారం దొరుకుతుంది గానీ అందులో చర్చిల్ పేరు లేదు, అది తర్వాత వచ్చి అతికింది. నియమం మాత్రం పాతదే. 1672లో కవి జాన్ డ్రైడెన్ తన ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ఈ తప్పు పట్టాడు. లాటిన్ వ్యాకరణం తెచ్చి ఆంగ్లానికి తొడిగిన చొక్కా అది, ఎప్పుడూ పట్టలేదు. పుట్ అప్ విత్ వంటి మూడు ముక్కల క్రియను విడదీసి ముందుకు తెచ్చి చూస్తే ఎందుకు పట్టలేదో తెలుస్తుంది.

దొంగల మాట

లోపాయికారీగా ముందే కుదుర్చుకున్న వ్యవహారాన్ని ఆంగ్లంలో 'పుట్-అప్ జాబ్' అంటారు. ఇది లండన్ దొంగల రహస్య భాషలోంచి వచ్చింది. ఆస్ట్రేలియాకు ద్వీపాంతర శిక్ష మీద వెళ్లిన జేమ్స్ హార్డీ వాక్స్ అనే ఖైదీ 1812లో దొంగల పదకోశం ఒకటి కూర్చాడు. ఇంటి ఆనుపానులు తెలిసిన మనిషి సలహా మీద చేసే దోపిడీకి అందులో 'పుట్-అప్ అఫైర్' అన్న పేరు ఉంది. డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్'లో దోపిడీ ప్రయత్నం జరిగిన ఇంటికి వచ్చిన పోలీసు మనిషి బ్లేదర్స్, పనివాళ్ల చేయి ఉన్న దొంగతనాన్ని అలా అంటామని అక్కడి ఆడవాళ్లకు వివరిస్తాడు. గౌరవనీయుల ఇంట్లోకి దొంగల మాట నడిచి వచ్చిన ఘట్టం అది. ఒకరిని ఎగదోసి పని చేయించడం కూడా ఈ కుదురు నుంచే వచ్చింది. పిల్లవాడు చేయరాని పని చేసి దొరికిపోతే నిన్నెవరు దీనికి 'పుట్ అప్ టు' చేశారని అడుగుతారు.

వ్యాకరణం

మామూలు పుట్ అప్‌లో కర్మ రెండు చోట్ల కూర్చోగలదు. 'పుట్ అప్ ద టెంట్' అన్నా 'పుట్ ద టెంట్ అప్' అన్నా ఒక్కటే. కర్మ సర్వనామమైతే ఆ స్వేచ్ఛ పోతుంది. 'పుట్ ఇట్ అప్' అనాలి, 'పుట్ అప్ ఇట్' అనకూడదు. పుట్ అప్ విత్‌కు అసలు స్వేచ్ఛే లేదు, మూడు మాటలూ కలిసి నడవాలి, కర్మ ఎప్పుడూ వెనకే. అతిథికి బస ఇవ్వడంలో మనిషి మధ్యలో కూర్చుంటాడు, మనిషిని భరించడంలో చివర ఉంటాడు. 'పుట్ హిమ్ అప్', 'పుట్ అప్ విత్ హిమ్' మధ్య తేడా ఇంతే, కాపురం మాత్రం మారిపోతుంది. పలికేటప్పుడు ఒత్తు 'అప్' మీద పడుతుంది. విశేషణంగా 'పుట్-అప్ జాబ్' అన్నప్పుడు అది ముందుకు జరుగుతుంది.

భారతీయ వాడుక

భారత ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ క్రియకు దక్కిన స్థానం ఇంగ్లండులో కూడా లేదు. బ్రిటిష్ కాలపు ఫైలు పద్ధతిలో కాగితం కింద నుంచి పైకి వెళ్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద స్థిరపడ్డ కార్యాలయ పద్ధతి ఆంధ్ర జిల్లాల కలెక్టరేట్లకు వారసత్వంగా వచ్చింది. తపాలు వస్తుంది. అధికారి దాని మీద 'పుట్ అప్' అని గీకి పొట్టి సంతకం, తేదీ వేసి సెక్షనుకు పంపుతాడు. గుమాస్తా దాన్ని పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి, కాగితాన్ని కరెంట్ ఫైలులో చేర్చి, నోట్ ఫైలులో సంగతి రాసి, అవసరమైన పాత ఉత్తర్వుల దగ్గర చీటీలు పెట్టి సూపరింటెండెంటుకు పంపుతాడు. అక్కడి నుంచి పైకి. ఈ మొత్తం తతంగానికి పేరు పుటప్ చేయడం. పుట్, అప్ కలిసి సంధి అయిపోయి 'పుటప్' అయింది, తెలుగు క్రియలాగా పుటప్ చేశాను, పుటప్ చేయలేదు, ఇంకా పుటప్ కాలేదు అని తిరుగుతుంది. ఫైళ్లను కంప్యూటరులో నడిపే ఈ-ఆఫీస్ వచ్చి కాగితం కదలడం మానేసినా ఆ మాట కుర్చీ ఖాళీ చేయలేదు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అధికారి నోట్ ఫైలు మీద 'పుట్ అప్ విత్ కనెక్టెడ్ పేపర్స్' అని రాస్తే సంబంధిత కాగితాలతో కలిపి సమర్పించమని అర్థం. లండన్ నుంచి వచ్చినవాడు చదివితే ఆ కాగితాలను ఎలాగోలా భరించమన్నట్టు ఉంటుంది. కొన్ని ఫైళ్ల విషయంలో రెండు అర్థాలూ చెల్లుతాయనుకోండి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 'పేపర్లు పుట్ డౌన్ చేశాడు' అంటే రాజీనామా ఇచ్చాడని, ఇదీ ఉపఖండపు వాడుకే.

బస అర్థం కూడా ఇక్కడ కొంచెం జరిగింది. బ్రిటిష్ ఆంగ్లంలో పుట్ అప్ ఒకటి రెండు రాత్రుల వ్యవహారం. మన దగ్గర 'వేర్ ఆర్ యూ పుట్ అప్' అని అడిగితే ఎక్కడ ఉంటున్నావు అని, ఏళ్ల తరబడి ఉంటున్నా సరే. అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రవాడు ఇంటర్వ్యూలో 'ఐయామ్ పుటింగ్ అప్ ఇన్ అమీర్‌పేట' అంటాడు, హైదరాబాదులో అడిగినవాడికి అర్థమవుతుంది. డాలస్‌కో లండన్‌కో వెళ్లాక ఇదే మాట అంటే ఎవరింట్లోనో తాత్కాలికంగా తలదాచుకున్నాడని అనుకుంటారు. అక్కడ 'లివింగ్', 'స్టేయింగ్' చాలు. దీన్ని తప్పు అనడం కన్నా ప్రాంతీయ వాడుక అనడం న్యాయం.

నిజంగా తప్పు అనదగ్గది వేరే ఉంది, 'కోప్ అప్ విత్'. పుట్ అప్ విత్, కమ్ అప్ విత్, క్యాచ్ అప్ విత్ చెవిలో మోగుతుంటే 'కోప్ విత్' మధ్యలోకి 'అప్' దూరిపోతుంది. ప్రామాణిక ఆంగ్లంలో ఇది చెల్లదు, పరీక్షల్లో మార్కు పోతుంది.

ఈ క్రియను వెదకాలంటే నిఘంటువులో 'పుట్' కింద చూడాలి. కౌయీ, మాకిన్ కూర్చిన 1975 నాటి ఆక్స్‌ఫర్డ్ జాతీయాల నిఘంటువు, 1983 నాటి లాంగ్‌మన్ పదబంధ క్రియల నిఘంటువు, 1989 నాటి కోబిల్డ్ నిఘంటువు దీన్ని విపులంగా ఇచ్చాయి. వాటిలో కోబిల్డ్ ఒక అడుగు ముందుకు వేసి చివర చిన్న మాటల వారీగా సూచిక చేర్చింది. 'అప్' దగ్గర తెరిస్తే పుట్, గివ్, ఈట్, లాక్ వంటి క్రియలు అర్థాల వారీగా గుంపులై కనబడతాయి. మరో భాష నుంచి వచ్చి ఆంగ్లం నేర్చుకునేవాళ్లకు వరుస జాబితాల కన్నా ఈ సూచికే ఎక్కువ పనికొస్తుంది.